వార్డులో పనిదొంగలు: అపోహలు - వాస్తవాలు

నర్సుగా పందొమ్మిదేళ్లు పనిచేశాను. అందులో ఈ ఏడేళ్లూ మెడికల్ వార్డుకు ఇన్‌చార్జి సిస్టర్‌ని. డ్యూటీ లిస్టు వేసే ప్రతి నెలాఖరునా ఎవరో ఒకరు నా టేబుల్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగే మాట ఒకటుంది: "మేడమ్, ఆవిడతో నాకు నైట్లు వెయ్యకండి."

ఎందుకమ్మా అంటే, "ఏమీ చెయ్యదు మేడమ్, అంతా నా మీదే పడుతుంది" అంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ అలాంటి మనిషితో ఏం చెయ్యాలనే విషయంలో మా నర్సుల్లో తరతరాలుగా పాతుకుపోయిన నమ్మకాలు కొన్ని ఉన్నాయి. వాటివల్ల పనిచేసేవాళ్లు అలిసిపోతున్నారు, పని ఎగ్గొట్టేవాళ్లు అలాగే ఉంటున్నారు, మధ్యలో పేషెంటు నలిగిపోతున్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. ఆసుపత్రిలో పనిచెయ్యని వాళ్లకు కూడా ఇందులో కొంత పనికొస్తుందనుకుంటాను.

అపోహ: కూర్చున్నవాళ్లు పనిదొంగలు, తిరుగుతూ ఉండేవాళ్లు కష్టజీవులు

వాస్తవం: ఎవరు కూర్చున్నారో చూస్తే ఏమీ తెలియదు. ఏ పని మిగిలిపోయిందో చూడాలి.

కౌంటర్ దగ్గర గంటసేపు కూర్చున్న అమ్మాయి పదిమంది పేషెంట్ల ఇన్‌టేక్ ఔట్‌పుట్ లెక్క, అంటే ఒంట్లోకి ఎంత ద్రవం వెళ్లింది, ఎంత బయటికి వచ్చిందనేది, సరిచూస్తూ ఉండొచ్చు. చేతిలో ఫైలు పట్టుకుని షిఫ్టంతా వార్డులో చకచకా తిరిగే మనిషి ఒక్క పేషెంటునీ పక్కకి తిప్పకుండానే ఇంటికి వెళ్లిపోవచ్చు. రెండో రకం వాళ్లని పట్టుకోవడం చాలా కష్టం, ఎందుకంటే వాళ్లు ఎప్పుడూ బిజీగానే కనిపిస్తారు.

నేను చూసే చోట్లు వేరు. పక్షవాతంతో పడుకున్న పేషెంటుని పొద్దున్నే ఒక పక్కకి తిప్పి నడుము కింద, తుంటి ఎముక మీద చర్మం చూస్తాను. ఎర్రగా ఉంటే వేలితో నొక్కి వదులుతాను. నొక్కినచోట తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే ఫరవాలేదు. నొక్కినా ఆ ఎరుపు పోలేదంటే బెడ్ సోర్ (కదలకుండా పడుకోవడం వల్ల వచ్చే పుండు) మొదలైందని అర్థం. మనవాళ్లలో చామనఛాయ, నలుపు ఎక్కువ కాబట్టి ఎరుపు కంటికి ఆనదు. అప్పుడు చేతి వెనకవైపు ఆనించి చూస్తే ఆ చోటు చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో తగులుతుంది. రెండు గంటలకోసారి పొజిషన్ మార్చినట్టు చార్టులో వరసగా టిక్కులు ఉంటాయి. చర్మం ఇంకో మాట చెబుతుంది. నేను చర్మాన్నే నమ్ముతాను.

ఇంకొకటి, శ్వాస లెక్క. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో నిమిషమంతా నిలబడి లెక్కపెట్టాలి. అందుకే అన్నిటికంటే ముందు ఎగ్గొట్టేది దాన్నే. ఒకసారి నైట్ చార్టులు తిరగేస్తే తొమ్మిదిమందికి తొమ్మిదిమందీ 18 అని ఉంది. అందులో ఒకరు ఆయాసంతో అడ్మిట్ అయిన పెద్దావిడ. నేను ఆమె మంచం పక్కన నిలబడి వాచీ చూస్తూ లెక్కపెడితే 30 వచ్చింది. పేషెంటు పరిస్థితి దిగజారుతోందని ముందుగా చెప్పే గుర్తుల్లో ఊపిరి వేగం ఇలా పెరగడం ఒకటి. వెంటనే డ్యూటీ డాక్టర్ని పిలిచాం.

చెయ్యకుండా మిగిలిపోయే నర్సింగ్ పనుల మీద అమెరికాలో బియట్రిస్ కాలిష్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆవిడకు తేలిన జాబితా చూస్తే నాకు మా వార్డే కళ్లముందు కనిపించింది: పేషెంటుని నడిపించడం, పక్కకి తిప్పడం, వేళకి తినిపించడం, ఒళ్లు శుభ్రం చెయ్యడం, ధైర్యం చెప్పడం, డిశ్చార్జికి ముందు జాగ్రత్తలు వివరించడం. ఎక్కువగా అప్పటికప్పుడు ఎవరూ లెక్క అడగని పనులే. ఎందుకు మిగిలిపోతున్నాయని అడిగితే వచ్చిన కారణాల్లో స్టాఫ్ తక్కువనే మాటతో పాటు "ఇది నా పని కాదు" అనే ధోరణి, అలవాటు కూడా ఉన్నాయి. ఈ అలవాటు అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒక రోజు వదిలేసి ఏమీ కాకపోతే మర్నాడు వదలడం సులువు. నెల తిరిగేసరికి అసలు అదొక పని అని కూడా గుర్తుండదు. ఆ మనిషి చెడ్డదై ఉండక్కర్లేదు.

అపోహ: తోటివాళ్ల పని మనం చేసి పెడితే పుణ్యం, గొడవ కూడా ఉండదు

వాస్తవం: దీనికి నేనే సాక్షిని, కాబట్టి వివరంగా చెబుతాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. అప్పుడు వేరే ఆసుపత్రి. ఒక సీనియర్ అక్కతో నాకు నైట్లు పడేవి. ఒకటి నుంచి పది బెడ్లు నావి, పదకొండు నుంచి ఇరవై ఆవిడవి. ఒంటిగంట కాగానే ఆవిడ "కొంచెం చూసుకోమ్మా" అని డ్రెస్సింగ్ రూములోకి వెళ్లి పడుకునేది. రెండింటి ఇంజెక్షన్లు, ఆరింటి ఇంజెక్షన్లు ఇరవై బెడ్లకీ నేనే చేసేదాన్ని. పొద్దున్నే లేచి తన బెడ్ల చార్టుల్లో తనే సంతకాలు పెట్టేసేది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, పాపం అనుకునేదాన్ని. సీనియర్ కదా అనే భయం కూడా ఉండేది. ఎనిమిది నెలలు అలాగే గడిచింది.

తర్వాత మా అన్నయ్య పెళ్లికి నేను మూడు రోజులు సెలవు పెట్టాను. నా బదులు ఒక కొత్త అమ్మాయి వచ్చింది. తన పది బెడ్లు తను చూసుకుంది, మిగతా పది ఆవిడ చూసుకుంటుందనుకుంది. అందులో తప్పేముంది? పదిహేడో బెడ్ తాతగారికి రాత్రి రెండింటి యాంటీబయాటిక్ పడలేదు. సెలైన్ నరంలోంచి తప్పుకుని బయటికి పోతున్నా చూసినవాళ్లు లేరు. తెల్లారేసరికి ఆయన చెయ్యి మోచేతి దాకా ఉబ్బిపోయి ఉంది. తిట్లు మాత్రం కొత్త అమ్మాయికి పడ్డాయి.

సెలవు నుంచి వచ్చాక నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ మేడమ్ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆవిడ పాత చార్టుల కట్ట నా ముందు పెట్టారు. "ఎనిమిది నెలల్లో ఆవిడ బెడ్లలో ఒక్క డోసు మిస్సవలేదు. ఏ ఆధారంతో అడగమంటావు?" అన్నారు. ఆ ఆధారం లేకుండా చేసింది నేనే. ఆ తాతగారి చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తే.

అలాగని కోపంతో పేషెంటుని వదిలెయ్యమని కాదు. ఈ ఒక్క విషయంలో మా పని ఫైళ్లు పెండింగులో పెట్టుకునే ఆఫీసు పనిలాంటిది కాదు. రెండింటి డోసు రెండింటికే పడాలి. పడుకున్నవాళ్లని లేపండి. లేవకపోతే ఆర్డరు సరిచూసుకుని మీరే ఇవ్వండి. కానీ చార్టులో మీ సంతకం పెట్టండి, టైము వెయ్యండి. ఇప్పుడు మా వార్డులో కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ మొదటి రోజే చెబుతాను: ఎవరు చేశారో వాళ్ల సంతకమే ఉండాలి. మొహమాటానికి ఇంకొకరికి అప్పు ఇవ్వకూడనిది అదొక్కటే.

అపోహ: పైవాళ్లకి చెబితే చాడీలు చెప్పినట్టే

వాస్తవం: ఏం చెబుతున్నామనే దాన్ని బట్టి ఉంటుంది. "ఆవిడ బద్ధకస్తురాలు మేడమ్, ఎప్పుడు చూసినా ఫోనే" అంటే అది చాడీ. నేను దానితో ఏం చెయ్యలేను కూడా. "మంగళవారం నైట్, పద్నాలుగు, పదహారు బెడ్లకి రెండింటికి పొజిషన్ మార్చలేదు, నాలుగింటికి నేను మార్చాను" అంటే అది సమాచారం. మనిషి గుణం గురించి ఒక్క మాట లేదు, అయినా అంతా ఉంది.

నా దగ్గరికి రావడానికి ముందు ఆ మనిషితోనే ఒకసారి మాట్లాడండి. పేషెంట్ల ముందు వద్దు, అటెండెంట్ల ముందు అసలే వద్దు. హ్యాండోవర్ (తర్వాతి షిఫ్టు వాళ్లకి పేషెంట్లని అప్పగించడం) అయ్యాక, టీ తాగేటప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు. "అక్కా, రాత్రి మీ బెడ్లలో రెండింటికి పొజిషన్ మార్చలేదు. నేను మార్చాను గానీ నా బెడ్లు ఆలస్యమయ్యాయి. రేపటి నుంచి మీవి మీరు చూడండక్కా, నాకు టెన్షన్‌గా ఉంటోంది." ఇంతే. వయసులో పెద్దవాళ్లయితే గౌరవం తగ్గక్కర్లేదు, విషయం కూడా తగ్గక్కర్లేదు. పదిమందిలో సగంమంది ఇక్కడే మారడం చూశాను, ఎందుకంటే అప్పటిదాకా వాళ్లతో ఎవరూ అనలేదు. వెనకాల అందరూ అనుకుంటారు, ముందు ఒక్కరూ అనరు.

రెండు మూడుసార్లు చెప్పినా మారకపోతే తేదీ, బెడ్ నంబరు, మిగిలిన పని రాసుకుని ఇన్‌చార్జి దగ్గరికి రండి. పేషెంటుకి హాని జరిగినా, జరగబోయి తప్పినా మూడోసారి దాకా ఆగొద్దు, ఆ రోజే ఇన్సిడెంట్ రిపోర్టు రాయాలి.

వాట్సాప్ స్టేటస్‌లో ఎత్తిపొడుపు కొటేషన్లు పెట్టడం మాత్రం దయచేసి మానండి. అనుకున్నవాళ్లకి తగలదు, మిగతా అందరికీ తగులుతుంది.

అపోహ: అందరం కలిసి చూసుకుంటే ఏ పనీ మిగలదు

వాస్తవం: తలా ఒక చెంబు పాలు తెచ్చి రాత్రిపూట తొట్టిలో పొయ్యమని రాజుగారు చెబితే, తెల్లారేసరికి తొట్టి నిండా నీళ్లే ఉన్న కథ చిన్నప్పుడు అందరం విన్నదే. ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీరు ఇలాంటిదాన్నే లెక్కకట్టి చూపించాడు, 1913లో ప్రచురించాడు. ఎనిమిదిమంది కలిసి తాడు లాగినప్పుడు ఒక్కొక్కరూ పెట్టిన బలం, ఒంటరిగా లాగినప్పటి బలంలో సగం దగ్గరే ఉంది. ఒకరి లాగుడు ఇంకొకరితో కుదరక కొంత పోతుంది, నిజమే. కానీ తర్వాత 1974లో అమెరికాలో కళ్లకు గంతలు కట్టి, పక్కన ఎవరూ లాగకపోయినా లాగుతున్నారని నమ్మించి చూశారు. అప్పుడు కూడా మనిషి బలం తగ్గించేశాడు. బద్ధకస్తులని ఏరి తెచ్చి చేసిన ప్రయోగాలు కావివి, మామూలు మనుషులతోనే చేసినవి.

మా వార్డులో కాల్ బెల్ మోగితే జరిగేది ఇదే. కౌంటర్ దగ్గర నలుగురున్నప్పుడు మోగేదానికంటే ఒక్కరే ఉన్నప్పుడు మోగేదానికి తొందరగా లేస్తారు. అందుకని వైట్ బోర్డు మీద "నైట్ స్టాఫ్" అని కింద మూడు పేర్లు రాసే పద్ధతి తీసేశాం. ఏ బెడ్లు ఎవరివో, పేరు ఎదురుగా రాస్తున్నాం. ఏ పేరుకీ చెందకుండా ఉండిపోయే పనులు, అంటే ఎమర్జెన్సీ ట్రాలీ సరిచూడటం, ఫ్రిజ్ టెంపరేచర్ రాయడం, ఆక్సిజన్ సిలిండర్లలో ఎంతుందో చూడటం, వీటికి కూడా రోజుకో పేరు. పనిదొంగలనుకున్న ఇద్దరిలో ఒకరి సమస్య దీంతోనే సగం తీరింది. ఆ అమ్మాయికి ఏది తన పనో ఎవరూ స్పష్టంగా చెప్పలేదంతే.

అపోహ: స్టాఫే లేనప్పుడు బద్ధకం గురించి మాట్లాడటం అన్యాయం

వాస్తవం: స్టాఫ్ కొరత నిజం. పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల మీద చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సుకి అదనంగా ఒక్కో పేషెంటు పెరిగేకొద్దీ ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగిందని తేలింది. యాజమాన్యాల ముందు ఈ లెక్క పెట్టాల్సిందే, నేనూ పెడతాను. కానీ కొరత అందరి బెడ్లలోనూ కనిపిస్తుంది. ఒకే మనిషి బెడ్లలో, స్టాఫ్ నిండుగా ఉన్న రోజున కూడా పని మిగిలితే అది కొరత కాదు.

అపోహ: గవర్నమెంటు ఉద్యోగమైతే ఎవరూ ఏమీ చెయ్యలేరు

వాస్తవం: రాజ్యాంగం 311వ అధికరణం మామూలుగా విచారణ జరపకుండా, ఆ ఉద్యోగికి చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తీసెయ్యకూడదంటుంది. అసలు తీసెయ్యకూడదని ఎక్కడా లేదు. ఏమీ చెయ్యలేకపోవడానికి చాలాచోట్ల కారణం కాగితం మీద ఏమీ లేకపోవడమే. మళ్లీ సంతకాల దగ్గరికే వస్తున్నాను.

అపోహ: బద్ధకం పుట్టుకతో వచ్చేది, అలాంటివాళ్లు మారరు

వాస్తవం: కొంతమంది మారరు. వాళ్లని చూశాను, రాతపూర్వకంగా నడిపించాల్సినవి నడిపించాను, ఒకరు వెళ్లిపోయారు కూడా. బాధ లేదు. కానీ బద్ధకం అనే ముద్ర వేసేముందు నేను ఆగడం నేర్చుకున్నది ఒక అమ్మాయి వల్ల.

మూడేళ్ల కింద చేరింది, ఇరవై నాలుగేళ్లు. మొదటి ఆరు నెలలు చాలా చురుకు. తర్వాత అడుగు తీసి అడుగు వెయ్యడానికి బరువుగా ఉన్నట్టుండేది. ఏ బెడ్ దగ్గర స్టూలు కనిపిస్తే అక్కడ కూర్చునేది. మేమున్నది మూడో అంతస్తు. ల్యాబ్‌కి శాంపిల్ ఇచ్చి రమ్మంటే ఇరవై నిమిషాలు. తోటివాళ్లు "ఫోను మాట్లాడుకుంటూ తిరుగుతుంది" అన్నారు. నేనూ నమ్మాను, రెండుసార్లు అందరి ముందే గట్టిగా అన్నాను కూడా. అది నేను చెయ్యాల్సిన పని కాదు.

ఒకరోజు లిఫ్ట్ పనిచెయ్యక మెట్లెక్కుతుంటే నా ముందు తను వెళ్తోంది. రెండో అంతస్తు మలుపులో రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. కింది రెప్ప లాగి చూశాను, తెల్లగా ఉంది. రోజూ పేషెంట్లకి చూసే గుర్తే, పక్కన పనిచేసే పిల్లకి ఎప్పుడూ చూడలేదు. బ్లడ్ టెస్టు చేయిస్తే హిమోగ్లోబిన్ 6.8. ఆడవాళ్లకి 12 ఉండాలి. నెలసరిలో విపరీతంగా రక్తం పోతోందట, ఎవరికీ చెప్పుకోలేదు. హాస్టల్లో పొద్దున టిఫిన్ వేళకి డ్యూటీకి వచ్చేస్తుంది కాబట్టి టీ బిస్కెట్లతో సరి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం ఉంది. మా స్టాఫంతా ఆ వయసువాళ్లే. ఆ లెక్క మా డ్యూటీ రూముకి వర్తించదని నేనెందుకు అనుకున్నానో తెలియదు.

గైనకాలజిస్టుకి చూపించారు, ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. నాలుగు నెలలు నైట్లు తీసేశాను. అందుకు ఒకరిద్దరు మొహం మాడ్చుకున్నారు గానీ, వాళ్ల ముందు తనని తిట్టిన నేనే వాళ్ల ముందు తనకి సారీ చెప్పాను కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు ఎవరి పని తగ్గినా మొదట గదిలో కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడుగుతాను: తింటున్నావా, నిద్రపోతున్నావా, ఇంట్లో ఎలా ఉంది? ఆ జవాబులు విన్నాకే చార్టులు తెరుస్తాను.

ఆ అమ్మాయి ఇప్పుడు మా వార్డులోనే ఉంది. పద్నాలుగో బెడ్ పెద్దాయనకి నిన్న పొద్దున తుంటి దగ్గర చర్మం వేడిగా ఉందని నాకంటే ముందు తనే పట్టుకుంది.