ఈ-స్పోర్ట్స్‌లో వయసు గీత ఎవరు గీశారు? 2013లో ఏం జరిగింది?

16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న ఆస్ట్రేలియా చట్టం 2025 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది. పాటించని కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. ఆన్‌లైన్ గేములకు మినహాయింపు ఇచ్చారు కాబట్టి ఇది తమ గొడవ కాదని గేమర్లు అనుకున్నారు. తీరా చూస్తే నిషేధం వర్తించే జాబితాలో, గేములు లైవ్‌గా చూపించే ట్విచ్, కిక్ సైట్లు కూడా ఉన్నాయి. అంటే 15 ఏళ్ల కుర్రాడు ఆస్ట్రేలియాలో గేమ్ ఆడుకోవచ్చు, ర్యాంకు పెంచుకోవచ్చు. కానీ ఆ ఆటను తన ఖాతాలో స్ట్రీమ్ చేసి పదిమందికి చూపించుకోలేడు. కొత్త ఆటగాళ్లు నలుగురి కళ్లల్లో పడేది ఎక్కువగా స్ట్రీమ్‌ల ద్వారానే.

దాంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఈ-స్పోర్ట్స్ టోర్నీలకూ, అంటే వీడియో గేముల పోటీలకూ, అందరికీ ఒకటే కనీస వయసు పెట్టేయాలని కొందరు, అది 16 కాదు 18 ఉండాలని ఇంకొందరు అంటున్నారు. పిల్లల మేలు కోసమే అన్న మాట రెండు వైపులా వినిపిస్తోంది. ఈ-స్పోర్ట్స్ ఎలా పుట్టింది, ఎలా పెరిగింది అన్నది చాలాసార్లు చెప్పుకున్న కథే కాబట్టి అక్కడికి వెళ్లడం లేదు. ఈ గొడవ అర్థం కావాలంటే 2012 డిసెంబర్‌కూ 2013 ఫిబ్రవరికీ మధ్య ఏం మారిందో చూస్తే చాలని నా నమ్మకం.

2012 డిసెంబర్ మొదట్లో లాస్ వేగాస్‌లో ఐపీఎల్ 5 అనే టోర్నీ ముగిసింది (ఐజీఎన్ ప్రో లీగ్, క్రికెట్ ఐపీఎల్ కాదు). లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో అప్పటి పెద్ద జట్లు చాలావరకూ అక్కడికి వచ్చాయి. ఫైనల్లో చైనా జట్టు వరల్డ్ ఎలీట్ గెలిచింది. రెండో స్థానంలో నిలిచిన యూరప్ జట్టు ఫ్నాటిక్‌లో మార్టిన్ లార్సన్ అనే స్వీడన్ కుర్రాడు ఉన్నాడు. ఆటలో అతని పేరు రెక్లెస్. అప్పటికి 16 నిండి రెండున్నర నెలలు. జట్టులో అతనిది డ్యామేజ్ బాధ్యత, అంటే ప్రత్యర్థులను ఎక్కువగా దెబ్బతీసే పని; గేమ్ చివరికొచ్చేసరికి గెలుపోటములు చాలావరకూ అతని మౌస్ మీదే ఆధారపడి ఉండేవి. అంత పెద్ద స్టేజీ మీద, ప్రపంచంలోని మేటి ఆటగాళ్ల మధ్య నిలబడ్డాడు.

రెండు నెలలు గడిచాయి. 2013 ఫిబ్రవరిలో యూరప్‌లో ఎల్‌సీఎస్ (లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఛాంపియన్‌షిప్ సిరీస్) మొదలైంది. గేమ్ తయారు చేసిన రయట్ సంస్థే స్వయంగా నడిపే లీగ్ అది. ఆడాలంటే 17 ఏళ్లు నిండాలని నిబంధన పెట్టారు. రెక్లెస్‌కు 17 నిండేది సెప్టెంబర్ 20న. అప్పటికి రెండు సీజన్లూ అయిపోతాయి. ఏడాదంతా పోయింది. చేతి వేగం తగ్గలేదు, ఆట మర్చిపోలేదు, తప్పు చేయలేదు. డిసెంబర్‌లో ప్రపంచ స్థాయి టోర్నీలో రెండో స్థానానికి సరిపోయిన వయసు ఫిబ్రవరికల్లా యూరప్ లీగ్‌కు సరిపోకుండా పోయింది. అతను లేకుండానే ఫ్నాటిక్ ఆ ఏడాది రెండు సీజన్లూ గెలిచింది. అతను 2014లో తిరిగొచ్చాడు. 2015 వేసవి సీజన్ లీగ్ దశలో ఆడిన 18 మ్యాచ్‌లూ ఫ్నాటిక్ గెలిచినప్పుడు అదే స్థానంలో అతనే ఉన్నాడు.

ఆ రెండు నెలల్లో కుర్రాడు మారలేదు, టోర్నీ నడిపేవాళ్లు మారారు. ఐపీఎల్‌ను నడిపింది ఐజీఎన్ అనే గేమింగ్ వార్తా సంస్థ. గేమ్ ఒకరిది, పోటీ పెట్టేది ఇంకొకరు. ఎల్‌సీఎస్‌తో గేమ్ యజమానే లీగ్ యజమాని అయ్యాడు. ఆటగాళ్ల జీతాల కోసం జట్లకు డబ్బు కూడా తనే ఇచ్చాడు. టోర్నీలో బహుమతి గెలుచుకోవడం వేరు, వారం వారం జీతానికి ఆడటం వేరు. జీతం అనగానే కాంట్రాక్టు వచ్చింది, దానితో పాటే వీసాలు, స్పాన్సర్లు, టీవీ షెడ్యూళ్లు వచ్చాయి. వీటన్నిటికీ వయసొచ్చినవాడితో పని తేలిక. అమ్మానాన్నల సంతకాలు, స్కూలు సెలవులు, పిల్లలు పనిచేయడం మీద ఒక్కో దేశంలో ఒక్కో చట్టం... మైనర్ జట్టులో ఉంటే ఈ తలనొప్పులన్నీ ఉంటాయి. వాటిని తప్పించుకోవడానికి గీసిన గీతకు తర్వాత్తర్వాత పిల్లల రక్షణ అన్న పేరు అంటుకుందని నేను అనుకుంటున్నాను.

అదే ఏడాది ఏప్రిల్ 6న కొరియాలో జరిగింది చూడండి. అక్కడి లీగ్‌ను నడిపింది ఆన్‌గేమ్‌నెట్ అనే టీవీ ఛానల్. ఆ రోజు లీ సాంగ్-హ్యోక్ అనే కుర్రాడు తొలి ప్రో మ్యాచ్ ఆడాడు, ఆటలో అతని పేరు ఫేకర్. 17 నిండటానికి ఇంకా నెల రోజులుంది. ఎదురుగా ఉన్నది అప్పటికే పేరున్న ఆటగాడు ఆంబిషన్. తొలి గేమ్‌లోనే అతన్ని ఒంటరిగా ఎదుర్కొని పడగొట్టాడు. ఆ అక్టోబర్‌లో లాస్ ఏంజెలెస్‌లోని స్టేపుల్స్ సెంటర్‌లో అతని జట్టు ప్రపంచ ఛాంపియన్ అయింది. ఫేకర్ అంటే ఇప్పుడు గేమ్ ముట్టుకోనివాళ్లకూ తెలుసు. ఫేకర్‌కూ రెక్లెస్‌కూ వయసులో తేడా నాలుగున్నర నెలలే. యూరప్ నిబంధనే కొరియాలోనూ ఉండి ఉంటే ఏప్రిల్ 6న ఫేకర్ ఇంట్లో కూర్చుని ఆ మ్యాచ్ చూసేవాడు.

అలాగని కొరియా పిల్లలకు స్వర్గమేం కాదు. 2011 నవంబర్ నుంచి అక్కడ షట్‌డౌన్ చట్టం ఉండేది. 16 ఏళ్లలోపు వాళ్లకు రాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా ఆన్‌లైన్ గేములు బంద్. 2012 అక్టోబర్‌లో ఒక 15 ఏళ్ల స్టార్‌క్రాఫ్ట్ 2 ప్రొఫెషనల్, ఐరన్ స్క్విడ్ అనే ఫ్రెంచి టోర్నీ క్వాలిఫయర్ ఆడుతున్నాడు. యూరప్ టైమ్ ప్రకారం పెట్టిన మ్యాచ్‌లు కాబట్టి కొరియాలో అర్ధరాత్రి కావచ్చింది. మ్యాచ్ నడుస్తుండగానే, అయ్యో షట్‌డౌన్ అని చాట్‌లో టైప్ చేశాడు. ఆటే వృత్తిగా బతుకుతున్న పిల్లాడు గేమ్ మధ్యలో గడియారం చూసుకోవాల్సి వచ్చింది. చివరికి ఇంట్లో పెద్దవాళ్ల ఖాతాతో లాగిన్ కావాల్సి వచ్చింది. ఆ చట్టం మొబైల్ గేములకు వర్తించేది కాదు. పదేళ్లు నడిచాక 2022 జనవరి 1తో దాన్ని ఎత్తేశారు.

2013లో మొదలైన దారి ఎక్కడిదాకా వెళ్లిందో 2018లో ఓవర్‌వాచ్ అనే గేమ్ యజమానే నడిపిన ఓవర్‌వాచ్ లీగ్‌లో తేలిపోయింది. నగరాల పేర్లతో జట్లు, ఏడాదికి కనీసం 50 వేల డాలర్ల జీతం, ఆరోగ్య బీమా, ఉండటానికి వసతి. కనీస వయసు 18. శాన్ ఫ్రాన్సిస్కో షాక్ జట్టు ఇద్దరు 17 ఏళ్ల కుర్రాళ్లను తీసుకుంది. మాథ్యూ డెలిసి, ఆటలో పేరు సూపర్. జే వాన్, ఆటలో పేరు సినాట్రా. సినాట్రాకు ఏడాదికి లక్షా యాభై వేల డాలర్లని అప్పట్లో వార్తలొచ్చాయి. సంతకం చేయొచ్చు, జట్టుతో రోజంతా స్క్రిమ్స్, అంటే ప్రాక్టీస్ మ్యాచ్‌లు, ఆడొచ్చు. స్టేజీ మీద మాత్రం కుర్చీ లేదు. ఇద్దరికీ 18 నిండేది మార్చిలో. మొదటి దశ మొత్తం బయటే కూర్చున్నారు.

నేను మళ్లీ మళ్లీ ఆగిపోయేది ఇక్కడే. పిల్లాడికి నిద్ర చెడుతుంది, చదువు పాడవుతుంది, ఒత్తిడి తట్టుకోలేడు అన్నదే నిజమైన కారణమైతే, అవన్నీ జరిగేది ప్రాక్టీస్‌లోనే కదా. గంటల తరబడి స్క్రిమ్స్, కోచ్ చివాట్లు, ఇంటికి దూరంగా ఉండటం, వీటిలో ఒక్కదానికీ నిబంధన అడ్డు రాలేదు. అడ్డుపడింది కెమెరా ముందు ఆడే ఆ కాసేపటికే. తర్వాతి ఏడాది అదే జట్టు, వాళ్లిద్దరూ జట్టులో ఉండగానే, ఫైనల్లో వాంకూవర్‌ను 4-0తో చిత్తు చేసి టైటిల్ గెలిచింది.

గేమ్ యజమానికి చిన్నపిల్లలే కావలసినప్పుడు గీత ఎంత కిందికి దిగుతుందో ఫోర్ట్‌నైట్ చూపించింది. 2019 జులైలో న్యూయార్క్ ఆర్థర్ ఆష్ స్టేడియంలో జరిగిన ప్రపంచ కప్‌కు 13 ఏళ్లు చాలు. సోలో విజేత కైల్ గియర్స్‌డార్ఫ్‌కు 16, గెలిచింది 30 లక్షల డాలర్లు. అయిదో స్థానంలో నిలిచిన అర్జెంటీనా పిల్లాడికి 13, అతనికి 9 లక్షలు. ఫోర్ట్‌నైట్ ఆడేవాళ్లలో పిల్లలు ఎందరో, వాళ్లను బయట పెడితే ఆ పోటీ ఎవరు చూస్తారు? ఇంతకీ ఈ 13 అన్న అంకె ఆన్‌లైన్‌లో ఇంతగా పాతుకుపోవడానికి కారణం అమెరికాలో 1998లో వచ్చిన కోపా చట్టం. 13 లోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని అది చెబుతుంది. అది డేటా గురించిన చట్టం. పోటీ ఒత్తిడి గురించి అందులో ఒక్క మాట లేదు. ఆ చట్టాన్ని ఉల్లంఘించినందుకే ఫోర్ట్‌నైట్ యజమాని ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబర్‌లో 27.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకోవాల్సి వచ్చింది. పిల్లలకు, టీనేజర్లకు వాయిస్ చాట్ మొదటి నుంచే ఆఫ్‌లో ఉండాలని కూడా అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించింది.

ఆ వాయిస్ చాట్ సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లందరికీ తెలిసిన దృశ్యమే ఇది. మ్యాచ్ మొదలవుతుంది, ఎవరో సన్నటి గొంతుతో, లెఫ్ట్‌లో ఇద్దరున్నారు అని చెబుతారు. వెంటనే నవ్వులు. స్క్వీకర్, అంటే కీచుగొంతు పిల్లాడు, అని ఒకడు, పోయి హోంవర్క్ చేసుకో అని ఇంకొకడు. మూడోవాడు మాట్లాడకుండా మ్యూట్ చేసేస్తాడు. లెఫ్ట్‌లో నిజంగానే ఇద్దరుంటారు, రౌండ్ పోతుంది. ఓడిపోయినందుకు తిట్లు మళ్లీ ఆ పిల్లాడికే. రెండు మూడు రోజులు ఇలా గడిచాక వాడు మైక్ ఆన్ చేయడం మానేస్తాడు. చెప్పాల్సిందంతా మ్యాప్ మీద గుర్తులు పెట్టే పింగ్‌లతోనే చెబుతాడు. ఆ పింగ్‌లు మాత్రం అందరూ నమ్ముతారు, ఎందుకంటే పింగ్‌కు గొంతు లేదు. బాగా ఆడితే ఇంకో చిక్కు. ఇంత చిన్నవాడు ఇంత గురిగా కొట్టడమేంటి, చీట్ వాడుతున్నాడు అని రిపోర్టులు. నిబంధన పుస్తకంలో 17, 18 అని అంకెలు ఉన్నంతకాలం ఈ చులకనకు ఒక అధికార ముద్ర ఉన్నట్టే. చిన్నవాళ్లు ఇంకా ఆటగాళ్లు కారు అని లీగే చెబుతుంటే, పక్కవాడు మర్యాద ఎందుకిస్తాడు?

అవతలి వైపు వాదనలో బలం లేదని కాదు. మైనర్లతో ఒప్పందాల్లో మోసాలు జరుగుతాయి. 11 ఏళ్ల పిల్లాడితో సంతకం చేయించుకుని వయసు గురించి అబద్ధం చెప్పమన్నారన్న ఆరోపణ 2019లో ఒక పెద్ద అమెరికన్ క్లబ్ మీద వేసిన దావాలో వచ్చింది. గన్ గేముల రేటింగ్ సంగతీ ఉంది. యూరప్‌లో కౌంటర్ స్ట్రైక్‌కు 18 ముద్ర ఉంది. ఇవి తేలిగ్గా తీసిపారేసే విషయాలు కావు.

కానీ పూర్తిగా మూసేస్తే ఏమవుతుందో చైనా చూసింది. 2021 ఆగస్టు 30న అక్కడి ప్రభుత్వం, 18 లోపు వాళ్లు శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ రాత్రి 8 నుంచి 9 దాకానే ఆడాలని ఆదేశించింది. వారానికి మూడు గంటలు. ఆ ప్రాక్టీస్‌తో ఎవరూ ప్రో కాలేరు. క్లబ్బులు తమ దగ్గరున్న మైనర్లను పంపించేశాయి. ఏళ్ల తరబడి దానికోసమే బతికిన పిల్లలు ఒక్క నోటీసుతో ఇళ్లకు వెళ్లిపోయారు.

మూసేయడానికీ, గేట్లు బార్లా తెరవడానికీ మధ్య దారి ఉంది, టెన్నిస్‌లో ముప్పై ఏళ్లుగా నడుస్తోంది కూడా. జెన్నిఫర్ కాప్రియాటి 1990లో 13 ఏళ్ల వయసులో ప్రొఫెషనల్ అయింది. కొన్నేళ్లకే ఆమె అలసిపోయి ఆటకు దూరం కావడం అందరినీ ఆలోచనలో పడేసింది. 1995 నుంచి మహిళల టెన్నిస్‌లో కొత్త నిబంధన వచ్చింది. 14 ఏళ్ల అమ్మాయి కొన్ని టోర్నీలే ఆడొచ్చు, ఏటా ఆ సంఖ్య పెరుగుతుంది, 18కి పూర్తి స్వేచ్ఛ. చిన్నవాళ్లను బయటకు నెట్టలేదు, వాళ్ల మీద పడే బరువు తగ్గించారు. ఇప్పుడు కనీస వయసు పెంచాలంటున్న వాళ్లు ఈ నమూనాను ఎందుకు ముట్టుకోవడం లేదో నాకు అర్థం కాదు. ప్రాక్టీస్ గంటలు, టోర్నీల సంఖ్య, కాంట్రాక్టు గడువు, ఇవన్నీ లెక్కపెట్టగలిగినవే. కాకపోతే లెక్క పెట్టాలంటే లీగ్ పిల్లాడి రోజు ఎలా గడుస్తోందో చూడాలి. పుట్టిన తేదీ చూసి పంపేయడానికి ఆ శ్రమ అక్కర్లేదు.

గేమ్ యజమాని జీతాల లీగ్ నడపని చోట ఏం జరిగిందో కూడా రికార్డుల్లో ఉంది. 2015లో డోటా 2 ప్రపంచ పోటీ గెలిచిన ఈవిల్ జీనియసెస్ జట్టులో కరాచీ కుర్రాడు సుమైల్ హసన్ వయసు 16. అదే జట్టులో క్లింటన్ లూమిస్‌కు 27, ఆ ఆటలో పెద్దాయన కిందే లెక్క. ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని ఆడారు. జట్టుకు 66 లక్షల డాలర్లు దక్కాయి. కౌంటర్ స్ట్రైక్‌లో టోమ్స్క్ నగరం నుంచి వచ్చిన డానిల్ క్రిష్కోవెట్స్, అందరూ డాంక్ అని పిలిచే కుర్రాడు, 2024 డిసెంబర్ 15న షాంఘై మేజర్ గెలిచి మేటి ఆటగాడిగా నిలిచాడు. పుట్టింది 2007 జనవరి 25న. 18 గీత అక్కడ కూడా ఉండి ఉంటే, ఆ ఫైనల్‌కు అతనికి ఆరు వారాల వయసు తక్కువయ్యేది.