‘వైన్స్’ బోర్డూ, కల్లు లొట్టీ: విశాఖ తిండి పక్కన వైన్ ఎందుకు కుదురుకోలేదు

విశాఖలో ఏ కూడలిలో నిలబడ్డా ఎక్కడో ఓచోట ‘వైన్స్’ అన్న బోర్డు కనిపిస్తుంది. లోపల అరల నిండా విస్కీ, బ్రాందీ, రమ్ము. ఫ్రిజ్‌లో బీర్లు. ద్రాక్షతో చేసిన వైన్ ఉంటే గింటే పై అరలో, దుమ్ము పట్టిన నాలుగు సీసాలు. అందులోనూ సగం తియ్యటి పోర్టు. తెలుగులో ‘వైన్ షాపు’ అంటే మందు దుకాణమే. అక్కడ వైన్ అడిగినవాణ్ని కొత్తవాడిలా చూస్తారు.

ఇప్పుడు బీచ్ రోడ్డు రెస్టారెంట్ల మెనూల్లో నాసిక్ వైన్లు కనిపిస్తున్నాయి. దాంతోపాటే ఒక ప్రశ్న: వంజరం వేపుడికి ఏది, రొయ్యల ఇగురుకి ఏది? యూరప్ పట్టికలు ఇక్కడ పెద్దగా పనికిరావు. ‘చేపకి వైట్, మాంసానికి రెడ్’ అన్న మాట వెన్నతో వండిన చేపని చూసి పుట్టింది. కారం, చింతపండు, ఆవపిండి పడ్డ చేపకి అది వర్తించదు. అసలు ఈ తిండి పక్కన ఒకప్పుడు ఏ పానీయం ఉండేదో, అది ఎలా పక్కకి పోయిందో చూస్తే జవాబు కొంత దొరుకుతుంది.

ఉండేది కల్లు. మైదానంలో తాటి, ఈత. పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో జీలుగు. తాటి గెల కొసని రోజూ పల్చగా చెక్కితే బొట్లు బొట్లుగా దిగే రసంలో పది నుంచి పదిహేను శాతం చక్కెర ఉంటుంది. లొట్టి (రసం పట్టే కుండ) లోపల సున్నం పూస్తే అది పులవదు, నీరా అవుతుంది. పూయకపోతే పాత లొట్టికి అంటుకున్న ఈస్టు, బ్యాక్టీరియా రసం పడుతుండగానే పని మొదలెడతాయి. పొద్దుట దించినప్పుడు తీపి ఎక్కువ, పులుపు తక్కువ. మధ్యాహ్నానికి నురగ పొంగి, ఆల్కహాల్ నాలుగైదు శాతానికి చేరుతుంది. మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. సీసాలో పోసి బిరడా బిగిస్తే గ్యాసు ఒత్తిడికి సీసా పగులుతుంది. పగలకుండా ఉండాలని వేడిచేస్తే పొంగూ వాసనా పోయి, మిగిలేది తెల్లటి పుల్లనీళ్లు. ఆ రోజు తాగాల్సింది ఆ రోజే, ఆ చెట్టు దగ్గరే. గొప్పతనమూ అదే, గ్రహచారమూ అదే.

ఇందులో నాలుగు గుణాలు గమనించండి. తక్కువ ఆల్కహాల్, కొంచెం తీపి, గట్టి పులుపు, సన్నటి పొంగు. ఎండు నెత్తళ్ల వేపుడు, పచ్చిమిరపకాయతో గుగ్గిళ్లు, చేపల పులుసు ముక్క, ఏది నంజుకున్నా ఈ నాలుగూ ఆ కారానికి కుదిరేవే. వైన్ ఎంచుకోవడానికీ మనకి కావాల్సిన కొలత ఇదే. మళ్లీ ఇక్కడికే వద్దాం.

కల్లు మీద ప్రభుత్వం చెయ్యి పడ్డప్పుడల్లా ఈ వైపున గొడవే అయింది. 1879 నాటి రంప తిరుగుబాటుకి తక్షణ కారణాల్లో ఒకటి ఆబ్కారీ, అంటే కల్లు, సారాల మీద సర్కారు పన్నుల పద్ధతి. కల్లు హక్కులు కాంట్రాక్టర్లకి పాటలు పెట్టి అప్పగించడంతో, కొండవాళ్లు తమ ఇంటి కోసం గీసుకున్నా డబ్బు కట్టాల్సి వచ్చింది. రంప కొండల దొర అయిన మన్సబుదారు కల్లు మీద వేసిన చిగురుపన్ను దానికి తోడు. కొండల్లో కల్లంటే ఎండాకాలపు ఆకలికి సగం తిండి. దాన్ని రాబడి పద్దులోకి ఎక్కించడం అక్కడ మొదలైంది.

తర్వాత నిషేధాలు. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టింది. 1948 నాటికి అది రాష్ట్రమంతా పరుచుకుంది. 1953 అక్టోబరు 1న విడిపోయిన ఆంధ్రరాష్ట్రం ఆ చట్టాన్ని ఆస్తిపాస్తులతో పాటే పంచుకుని తెచ్చుకుంది. గీత కార్మికుల బతుకుతెరువు పోయింది. వాళ్ల పక్షాన నిలబడ్డవాళ్లలో ముందున్నది శ్రీకాకుళం జిల్లా నేత గౌతు లచ్చన్న. నిషేధాన్ని సమీక్షించిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తేయమంది, ప్రకాశం ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చి, ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గం పడిపోయింది. కల్లు లొట్టి కూల్చిన ప్రభుత్వం అని చెప్పుకుంటే అతిశయోక్తి కొంతే.

ఆంధ్ర ప్రాంతంలో నిషేధం 1960ల చివర్లో సడలింది. కానీ తిరిగొచ్చిన మద్యం వేరు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరికీ చేరాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల నుంచి మొదలైన ఉద్యమం సారాని ఆపించింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. ఈ హోరులో వైన్ గురించి ఆలోచించే తీరిక ఎవరికుంది? 2019 అక్టోబరు నుంచి దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలొచ్చాయి, వాటితోపాటు రూ.99 క్వార్టరూ.

ఆ క్వార్టర్ దగ్గరే ఆగాలి. మన విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. 60 మి.లీ. పెగ్గులో సుమారు 26 మి.లీ. శుద్ధ ఆల్కహాల్. 12.5 శాతం వైన్ 150 మి.లీ. గ్లాసులో సుమారు 19 మి.లీ. ఐదు శాతం కల్లు 300 మి.లీ. తాగితే 15 మి.లీ. తక్కువ ఖర్చులో ఎక్కువ నిషా కావాలనుకున్నవాడికి క్వార్టరే లాభం. సీసా చిన్నది, పాడవదు, లారీలో ఎంత ఎండైనా తట్టుకుంటుంది. పన్ను వసూలుకీ అదే సులువు. పైగా ప్రతి రాష్ట్రంలో ప్రతి లేబులుకీ విడిగా రిజిస్ట్రేషన్, రవాణాకి పర్మిట్లు. నాసిక్‌లో చిన్న వైనరీకి ఇక్కడ అమ్ముడయ్యే నాలుగు కేసుల కోసం అంత ఖర్చు గిట్టదు. అందుకే మనదాకా వచ్చేవి పెద్ద కంపెనీల నాలుగైదు రకాలే.

తాగే పద్ధతి కూడా దీనివల్లే మారింది. మనవాళ్లు ముందు మందు, మందుతో నంజుకోడానికి ‘స్టఫ్’, అన్నం ఆ తర్వాత ఎప్పుడో. వైన్ అన్నంతో పాటు, మెల్లగా తాగేది. కాబట్టి పులుసన్నంతో వైన్ కుదరలేదని బాధపడక్కర్లేదు. విశాఖలో వైన్‌కి అసలు చోటు స్టఫ్ ప్లేటు పక్కనే.

మరి అరకులో ద్రాక్ష వేసి మన వైన్ మనమే చేసుకోవచ్చుగా? కాఫీ పండిన చోట అన్నీ పండవు. మన వేడి దేశంలో తీగ చలికాలం నిద్రపోదు. అందుకే నాసిక్‌లో ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో కొమ్మ కోసం, సెప్టెంబరు-అక్టోబరుల్లో కాయ కోసం. కోత జనవరి నుంచి మార్చి దాకా. రెండో కత్తిరింపు తర్వాత వచ్చే లేత చిగురు మీద వాన పడితే బూజు తెగులు పట్టి పూత రాలిపోతుంది. నాసిక్‌కి అప్పటికి వానలు వెనక్కి తగ్గుతాయి. మనకి సరిగ్గా అప్పుడే తుఫాన్లు. 2014లో హుద్‌హుద్ విశాఖని తాకింది అక్టోబరు 12న. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష వైన్ కోసమే ఒక విధానం తెచ్చి పన్నుల్లో మినహాయింపులిచ్చింది. నాసిక్ కంపెనీ సులా తొలి వైన్లు అప్పటికే, 2000లో, విడుదలై ఉన్నాయి. బెంగళూరు పక్క నంది కొండల్లో గ్రోవర్ అనే వైన్ కంపెనీ వాళ్లు 1988లోనే మొదలెట్టారు. వానా, చట్టమూ రెండూ వాళ్ల వైపు ఉన్నాయి.

ఇక సీసా దగ్గరికి. కల్లు కొలతతో చూస్తే నాసిక్ వైన్లలో మన తిండికి అన్నిటికంటే దగ్గర చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్, అందులోనూ కొంచెం తీపి మిగిల్చినది. రొయ్యల ఇగురు, గోంగూర రొయ్యలు, బెల్లం ముక్క పడ్డ మన చేపల పులుసు, మూడిటికీ ఇదే నిలబడుతుంది. కారం మంటని ఆల్కహాల్ ఎగదోస్తుంది, తీపి అణుస్తుంది. పులుసు కంటే వైన్ పులుపు తక్కువైతే వైన్ నీళ్లలా చప్పబడుతుంది.

మరో వైట్ సావిన్యాన్ బ్లాంక్‌లో తీపి దాదాపు ఉండదు, పచ్చివాసన, నిమ్మ పులుపు. పసుపు, ఉప్పు, మిరియం పట్టించి పెనం మీద కాల్చి నిమ్మకాయ పిండిన వంజరం, చందువలకి ఇది. అపోలో ఫిష్‌కి మాత్రం వద్దు, ఆ ఎండుమిర్చి ముందు వట్టి పులుపు మిగులుతుంది. దానికీ, నెత్తళ్ల వేపుడుకీ, మిరపకాయ బజ్జీకీ పొంగే వైన్ పెట్టండి. బుడగలు నాలుక మీది నూనెని కడిగేస్తాయి. కల్లు నురగ చేసిన పనే ఇది. బొంగు చికెన్‌లో నూనె ఉండదు, వెదురు వాసన, నిప్పుల పొగ, ఓ మోస్తరు మసాలా. చల్లటి ‘రోజే’ (గులాబీరంగు వైన్) దానికి సరిజోడు.

రెడ్ దగ్గరే అందరూ పొరబడతారు. షిరాజ్ అనే రెడ్ వైన్‌లోని వగరు కారంతో కలిసి నాలుకని గీరుతుంది. కానాగంతల్లాంటి నూనె చేపలతో అయితే వైన్‌లోని ఇనుము చేప కొవ్వుతో చర్య జరిపి నీచువాసన లేపుతుంది. తప్పు చేపదీ కాదు, వంటమనిషిదీ కాదు. షిరాజ్ తెరవాలంటే మిరియాలతో చేసిన మటన్ వేపుడు వండండి, ఎండుకారం అర చెంచా దాటకుండా. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఏ వైన్‌నీ దగ్గరికి రానివ్వదు. ఆవ ఘాటు ముక్కుకెక్కాక గ్లాసులో ఏముందో తెలీదు. ఇక మాడుగుల హల్వా. ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసే తీపి వైన్ దీనికి బావుంటుందని కొందరంటారు. బావుండదు. తిండి కంటే వైన్ తియ్యగా ఉండాలి, లేకపోతే వైన్ చేదెక్కుతుంది. హల్వాని మించిన తీపి ఆ సీసాలో లేదు. దాన్ని హల్వాగానే తినండి.

రకం ఎంత బాగా ఎంచుకున్నా వేడి దగ్గర చెడగొట్టుకునే వాళ్లే ఎక్కువ. మే నెలలో మూసిన షట్టర్ వెనక రోజుల తరబడి నిలబెట్టిన సీసా లోపల ఉడికిపోతుంది. గుర్తుపట్టడం తేలికే. కార్కు కొంచెం పైకి తన్నుకొచ్చి ఉంటుంది, లేదా మెడ దగ్గర కారిన జిగురు మరక. వాసన చూస్తే పళ్లకి బదులు మాడిన జామ్. వేడికి బాగుపడే వైన్లలో పేరున్నది మదీరా, పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవి వైన్. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు దాన్ని ఇష్టపడటానికి అదీ ఒక కారణం. మదీరాలో స్పిరిట్ కలుపుతారు, ఓడలో నెలల ఎండ దానికి మేలే చేసేది. మామూలు వైన్లకి ఆ యోగం లేదు. కొనేటప్పుడు మూత మీది కాప్స్యూల్‌ని (రేకు తొడుగుని) వేలితో తిప్పి చూడండి. తిరక్కుండా అతుక్కుపోతే లోపల వైన్ కారిందేమో అని అనుమానించాలి.

‘రూం టెంపరేచర్’ అన్న మాట విశాఖకి పనికిరాదు. రెడ్‌కి కావాల్సింది 16-18 డిగ్రీలు, మన గది 30. ఫ్రిజ్‌లో గంటన్నర దాకా పెట్టి తీయండి. వైట్, రోజేలకి 8-10. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నది మరీ చల్లబడి వాసన ఇవ్వదు, తెరిచాక పది నిమిషాలు ఆగితే చాలు. తొందరైతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, రెండు గుప్పెళ్ల కల్లుప్పు వేసి సీసాని మెడదాకా ముంచండి, ఇరవై నిమిషాల్లో అవుతుంది. వట్టి ఐసులో గుచ్చితే ఇంకా ఎక్కువసేపు పడుతుంది, ముక్కల మధ్య గాలి చల్లదనాన్ని అందనివ్వదు. గ్లాసులో మాత్రం ఐసు వేయకండి.

750 మి.లీ. సీసాలో ఐదు గ్లాసులు. మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, వైట్ మూడు రోజులు ఉంటుంది. నాలుగో రోజు తాగడానికి పనికిరాదు గానీ వంటకి ఇంకా పనికొస్తుంది. అరకిలో రొయ్యల ఇగురులో ఉల్లిపాయ ఎర్రబడ్డాక టమాటాకి బదులు 60 మి.లీ. పోసి, పెద్దమంట మీద రెండు నిమిషాలు ఘాటు పోయేదాకా మరిగించి, అప్పుడు రొయ్యలు వేయండి. ఆరు నిమిషాలకి దించేయాలి, దాటితే రబ్బరే.