టామ్ అండ్ జెర్రీ పెట్టెలు తెరిచే ముందు

చిరంజీవులు చిట్టికి, బన్నీకి తాతయ్య ఆశీస్సులు.

ఈ ఉత్తరం వెనకాలే మీకొక పార్శిల్ వస్తుంది. అందులో మూడు డీవీడీ పెట్టెలు ఉంటాయి. వాటి పేరు టామ్ అండ్ జెర్రీ స్పాట్‌లైట్ కలెక్షన్. మొదటిది 2004లో, రెండోది 2005లో, మూడోది 2007లో అమెరికాలో విడుదలయ్యాయి. అక్కడున్న మీ పెద్దమ్మ ఒక్కొక్కటే కొని నాకు పంపింది. ఇన్నేళ్లూ నా బీరువాలో ఉన్నాయి, ఇకమీదట మీ దగ్గర ఉండాలి. పెట్టె చేతికి రాగానే నాన్నతో ఒక మాట చెప్పండి. డీవీడీలను ప్రపంచంలో ప్రాంతాల వారీగా విడదీసి అమ్ముతారు, ఆ ప్రాంతాన్నే రీజియన్ అంటారు. ఇవి అమెరికా డిస్కులు, అంటే రీజియన్ 1. మన దేశానిది రీజియన్ 5. మామూలు ప్లేయర్‌లో పెడితే ఆడకపోవచ్చు, అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ చూడమనండి.

మీకు టామ్ అండ్ జెర్రీ కొత్త కాదని నాకు తెలుసు. అన్నం ముద్ద ముద్దకీ ఫోన్‌లో చూస్తూనే ఉంటారు. కానీ అక్కడ వచ్చేవి చాలావరకు ముక్కలే. మొదలూ చివరా కోసేసి, మధ్యలో తన్నులాట మాత్రం ఉంచుతారు. ఇవి అలా చూడడానికి తీసినవి కావు. సినిమాహాలులో, పెద్ద తెరమీద, చీకట్లో వందలమంది కలిసి కూర్చుని చూడడానికి తీశారు. అప్పటి అమెరికాలో టికెట్టు కొంటే ఒక్క సినిమాతో సరిపెట్టేవారు కాదు. వార్తల రీలు, ఒక చిన్న సినిమా, ఒక కార్టూన్, ఆ తర్వాతే అసలు సినిమా. మన హాళ్లలోనూ సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల ఇండియన్ న్యూస్ రివ్యూ వేసేవారు. మాకు వరదలూ ఆనకట్టలూ చూపించారు, అక్కడి పిల్లలకు పిల్లీ ఎలుకా దొరికాయి.

ఆ కార్టూన్ నిడివి ఇంచుమించు ఏడు నిమిషాలు. సెకనుకు 24 ఫ్రేములు. ఏడు నిమిషాలకు ఎన్నో బన్నీ లెక్క కట్టాలి. పదివేలు దాటుతుంది. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములపాటు ఉంచుతారు కాబట్టి అన్నీ వేరువేరుగా గీయక్కర్లేదు. కానీ టామ్ పరుగు అందుకున్నాడంటే ఫ్రేముకొక బొమ్మ కావలసిందే. యానిమేటర్ కాగితంమీద పెన్సిల్‌తో గీస్తాడు. ఆ గీతలను పారదర్శకమైన సెల్యులాయిడ్ షీటుమీద సిరాతో దిద్దుతారు, షీటు తిప్పి వెనకవైపు రంగు వేస్తారు. దాన్ని విడిగా గీసిన ఇల్లో తోటో ఉన్న బొమ్మమీద పెట్టి ఫోటో తీస్తారు. సిరా, రంగుల పని చేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. తెరమీద వాళ్ల పేర్లు పడలేదు. చిట్టీ, నువ్వు బొమ్మలు వేస్తావు కదా, అందుకే నీకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. టామ్ మీసం ఒక ఫ్రేములో ఎక్కడుందో తర్వాతి ఫ్రేములో దాని పక్కనే ఉండాలి. చెయ్యి ఏమాత్రం వణికినా తెరమీద మీసం వణుకుతుంది.

ఈ కథంతా పేర్ల దగ్గరే మొదలైంది. 1940 ఫిబ్రవరిలో అమెరికాలోని ఎంజీఎం అనే సినిమా కంపెనీ 'పుస్ గెట్స్ ద బూట్' అనే కార్టూన్ విడుదల చేసింది. అందులో పిల్లి పేరు జాస్పర్. తీసినవాళ్లు విలియం హానా, జోసెఫ్ బార్బెరా అనే ఇద్దరు కుర్రాళ్లు. తెరమీద వాళ్ల పేర్లే లేవు, పైఅధికారి రుడాల్ఫ్ ఐసింగ్ పేరే పడింది. కంపెనీకి కూడా దానిమీద పెద్ద ఆశలేమీ లేవు. అయితే జనానికి తెగ నచ్చింది, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఆ పిల్లీ ఎలుకల బొమ్మ మళ్లీ ఎప్పుడు వస్తుందని టెక్సస్‌లో సినిమాహాళ్ల వ్యాపారంలో ఉన్న ఒకావిడ ఉత్తరం రాసిందనీ, దాంతో పైవాళ్ల మనసు మారిందనీ చెబుతారు. కొత్త పేర్లకోసం స్టూడియోలో పోటీ పెడితే జాన్ కార్ అనే యానిమేటర్ చెప్పిన 'టామ్ అండ్ జెర్రీ'కి 50 డాలర్ల బహుమతి వచ్చింది.

ఆ తర్వాత 1958 దాకా ఆ ఇద్దరి చేతిమీదుగా 114 కార్టూన్లు వచ్చాయి. కథ ఆలోచించి బొమ్మల్లో గీసి చూపించడం బార్బెరా పని. ఏ దెబ్బ ఎన్నో ఫ్రేములో తగలాలి, పడ్డాక టామ్ ఎంతసేపు బిక్కమొహం వేసుకుని నిలబడాలి అన్న లెక్కంతా హానాది. టామ్ తోక నలిగినప్పుడు పెట్టే ఆ గావుకేక ఉంది చూశారూ, అది కూడా హానా గొంతే. ఏడు కార్టూన్లకు ఆస్కార్లు వచ్చాయి. బహుమతి నిర్మాతకే ఇస్తారు కాబట్టి వేదికెక్కి తీసుకున్నది ఫ్రెడ్ క్వింబీ. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక సంగీతం. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. టామ్, జెర్రీ పెద్దగా మాట్లాడరు కదా, వాళ్ల మాటలన్నీ స్కాట్ బ్రాడ్లీ అనే ఆయన వాద్యాలచేత పలికించాడు. కళ్లు మూసుకుని ఒక కార్టూన్ వినండి. పిల్లి అడుగులో అడుగు వేస్తూ వస్తోందా, ఎలుక గోడ వెంట జారుకుంటోందా, జున్నుముక్క కనబడిందా, అన్నీ చెవికే తెలిసిపోతాయి. బొమ్మలు గీయడానికి ముందే కథ మొత్తాన్నీ తాళంలో కొలిచి కాగితంమీద రాసుకునేవారు. అందుకే టామ్ మెట్లమీంచి దొర్లినా లెక్క తప్పకుండా దొర్లుతాడు. చిట్టీ, మీ సంగీతం టీచర్ పన్నెండు స్వరస్థానాలు చెప్పారు కదా. ఆ పన్నెండింటినీ వరసగా వాయించి, అన్నీ అయిపోయేదాకా ఏ ఒక్కటీ మళ్లీ రాకుండా చూసుకునే పద్ధతి ఒకటి యూరప్‌లో ష్యోన్‌బెర్గ్ అనే ఆయన పెట్టాడు. మహామహా పండితులే తల పట్టుకునే ఆ పద్ధతిని బ్రాడ్లీ 1944లో 'పుటిన్ ఆన్ ద డాగ్'లో వాడేశాడు. అందులో కుక్క తల ఒకటి దానంతట అదే నడిచిపోతున్నట్టు కనిపిస్తుంది, చూసి నవ్వుకునే పిల్లలకు తాము వింటున్నదేమిటో తెలియనే తెలియదు.

'ద క్యాట్ కన్సర్టో'లో టామ్ పియానో విద్వాంసుడు. ఫ్రాంజ్ లిస్ట్ అనే సంగీతకారుడు రాసిన హంగేరియన్ రాప్సొడీ రెండోది వాయిస్తుంటాడు. పియానోలో నిద్రపోతున్న జెర్రీకి మెలకువ వస్తుంది. టామ్ వేళ్లు చూడండి, వినిపించే స్వరం మెట్టుమీదే పడుతుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే వార్నర్ బ్రదర్స్ వాళ్లు ఇదే సంగీతంతో, దగ్గరదగ్గర ఇవే హాస్యాలతో, బగ్స్ బన్నీ అనే తమ కుందేలును పియానో ముందు కూర్చోబెట్టి ఇంకో కార్టూన్ తీశారు. కాపీ కొట్టింది మీరంటే మీరని రెండు కంపెనీలూ అనుకున్నాయి. ఆస్కార్ మాత్రం టామ్‌కే వచ్చింది.

ఇంత బాగా నడిచేదాన్ని ఎందుకు ఆపేశారని అడుగుతారు. సినిమాతోపాటు చిన్న చిత్రాలనూ కట్టగట్టి హాళ్లకు అంటగట్టే పద్ధతి చెల్లదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆపైన టీవీ వచ్చింది. పాత కార్టూన్లనే మళ్లీ విడుదల చేసినా కొత్తవాటికి వచ్చినంత డబ్బు వస్తోందని ఎంజీఎం లెక్క చూసుకుని, 1957లో కార్టూన్ స్టూడియో మూసేసింది. అప్పటికే తీసి ఉంచినవి 1958 దాకా వచ్చాయి. ఫోన్‌లో మీరు చూసేవాటిలో కొన్నింటిలో శబ్దాలు గుహలోంచి వస్తున్నట్టు ఉంటాయి, టామ్ కూడా తేడాగా ఉంటాడు. అవి 1961, 62లో జీన్ డైచ్ ప్రాగ్ నగరంలో తీసిన 13. టామ్ కనుబొమలు మరీ లావుగా ఉంటే ఆ తర్వాత చక్ జోన్స్ తీసిన 34లో ఒకటి అనుకోండి. ఈ పెట్టెల్లో అవి లేవు.

పాతవాటిని మళ్లీ విడుదల చేసేటప్పుడు ఒక నష్టం జరిగింది. మొదట్లో పేర్లు పడే భాగాన్ని తీసేసి కొత్త టైటిల్ అతికించారు. చాలావాటికి పాత టైటిళ్లు అలాగే పోయాయి. నిప్పు చేసిన నష్టం ఇంతకంటే పెద్దది. ఆ కాలపు రంగుల కార్టూన్‌ను నలుపు తెలుపు ఫిల్ముమీదే తీసేవారు. ఒక్కో బొమ్మనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలోంచి మూడుసార్లు తీసి, ప్రింటు వేసేటప్పుడు రంగులు కలిపేవారు. నెగెటివ్‌లో రంగే ఉండదు కనుక వెలిసిపోయే భయం లేదు. కానీ ఆ ఫిల్ము నైట్రేట్ అనే, ఇట్టే అంటుకునే రకం. ఒకసారి అంటుకుందంటే నీళ్లు పోసినా ఆరదు. 1978లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ అనే మ్యూజియం భద్రపరిచిన నైట్రేట్ ఫిల్ములు కాలిపోయాయి. ఎంజీఎం పాత కార్టూన్ల అసలు నెగెటివ్‌లు ఎన్నో అందులో ఉన్నాయి. అందుకే మీకు కొన్నింటిలో బొమ్మ అద్దంలా ఉంటుంది, కొన్నింటిలో గీతలూ చుక్కలూ కనిపిస్తాయి. డిస్కు పాడైందని కంగారుపడకండి. మిగిలినవాటిలో బాగున్న ప్రింటు వెతికి శుభ్రం చేసి ఇచ్చారు. 1954 నుంచి కొన్నింటిని సినిమాస్కోప్‌లో తీశారు, టీవీలో వేసినప్పుడు వాటికి రెండు పక్కలా కోసేశారు. వెడల్పు బొమ్మ వచ్చినప్పుడు పక్క గోడల దగ్గర ఏం జరుగుతోందో కూడా చూడండి.

ఈ పెట్టెలు అమ్మేది వార్నర్ వాళ్లు. ఎంజీఎం తీసినవాటిని వాళ్లు ఎందుకు అమ్ముతున్నారో కూడా చెప్పాలి. ఎంజీఎం పాత సినిమాలన్నీ 1986లో టెడ్ టర్నర్ అనే అమెరికా టీవీ వ్యాపారి చేతికి వచ్చాయి. ఆయన కంపెనీయే కార్టూన్ నెట్‌వర్క్ పెట్టింది. 1995లో ఆ ఛానల్ మన దేశానికి వచ్చాక మీ అమ్మ స్కూలునుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా దాని ముందు కూర్చునేది. మాటలు లేవు కనుక తెలుగు రావాలా, ఇంగ్లిష్ రావాలా అన్న ప్రశ్నే లేదు. 1996లో టర్నర్ కంపెనీ, వార్నర్ బ్రదర్స్ యజమాని అయిన టైమ్ వార్నర్‌లో కలిసిపోయింది.

పిల్లలూ, ఒక విషయం మీతో నిదానంగా మాట్లాడాలి. పాత వాటిలో ఆ ఇంట్లో పనిచేసే ఒక నల్లజాతి ఆవిడ వస్తుంది. ఎక్కువగా కాళ్లే కనిపిస్తాయి, ముఖం చూపించరు. నల్లవాళ్లంటే ఇలాగే ఉంటారు, ఇలాగే మాట్లాడతారు, వీళ్లకు తగింది ఈ పనే అన్న చిన్నచూపు ఆ పాత్రలో ఉంది. గొంతు ఇచ్చిన లిలియన్ రాండాల్ఫ్ నల్లజాతి నటి, చాలా ప్రతిభ ఉన్న మనిషి. నల్లజాతివాళ్ల సంఘాలు ఆ పాత్రకు అభ్యంతరం చెప్పాయి, 1952 తర్వాత ఆమె కనిపించలేదు. 1960లలో టీవీకోసం కొన్నింటిలో ఆమె స్థానంలో తెల్లావిణ్ని గీశారు, గొంతూ మార్చారు. 1990లలో మళ్లీ ఇంకొకరిచేత మాట్లాడించారు. కొన్ని కార్టూన్లలో బాంబు పేలి ముఖం నల్లబడగానే నల్లవాళ్లను వెక్కిరించే హాస్యం వస్తుంది. అది నవ్వవలసింది కాదు. మన ఊళ్లోనూ రంగు చూసి, కులం చూసి మనిషిని తక్కువచేసే మాటలు మీ చెవిన పడే ఉంటాయి, దానికీ దీనికీ తేడా లేదు.

రెండో పెట్టెలో హూపీ గోల్డ్‌బర్గ్ అనే నల్లజాతి నటి దీని గురించి మాట్లాడుతుంది. మీరు దాన్ని దాటేసి ముందుకు పోవద్దు. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని వినండి. మూడో పెట్టెలో మాత్రం 'మౌస్ క్లీనింగ్', 'కాసనోవా క్యాట్' అనే రెండింటిని ఇలాంటి దృశ్యాల వల్ల చేర్చలేదు. మరికొన్నింటిలో కోతలు ఉన్నాయి. 2013లో బ్లూరేలో ఇంకో సంపుటం తెస్తామని ప్రకటించి, అందులోనూ ఆ రెండూ ఉండవనేసరికి సేకరించేవాళ్లు గట్టిగా అడిగారు, ఆ విడుదలే ఆగిపోయింది. నా మట్టుకు నేను అడిగినవాళ్ల పక్షమే. తప్పు ఉన్నదాన్ని మాయం చేస్తే ఆ తప్పు ఎవరికి జరిగిందో కూడా మరిచిపోతాం. పెద్దలు పక్కన ఉండి, ముందుగా నాలుగు మాటలు చెప్పి చూపించాలి.

మొదట 'ద క్యాట్ కన్సర్టో' చూడండి. తర్వాత 'ద యాంకీ డూడుల్ మౌస్', వీళ్లకు మొదటి ఆస్కార్ తెచ్చింది అదే. ఆపైన మీ ఇష్టం. పేర్లు పడేటప్పుడు రిమోట్ ముట్టుకోకండి. ఇర్వెన్ స్పెన్స్, కెన్ మ్యూజ్, ఎడ్ బార్జ్, రే ప్యాటర్సన్ అన్న పేర్లు మళ్లీమళ్లీ వస్తాయి. బొమ్మలకు ప్రాణం పోసింది వాళ్లే. కొన్నాళ్లకు ఈ టామ్‌ను గీసింది ఎవరో పేరు చూడకుండానే పోల్చుకోగలుగుతారు.

చిట్టికి ఒక పని. 114లో ఒక్కదానికి బ్రాడ్లీ సంగీతం లేదు. అది 1953లో వచ్చిన 'ద మిస్సింగ్ మౌస్', ఎడ్వర్డ్ ప్లంబ్ చేశాడు. దాన్నీ, దానికి ముందూ వెనకా వచ్చిన వాటినీ విను. ఎక్కడ తేడా వినిపించిందో ఆదివారం ఫోన్ చేసి చెప్పు. బన్నీ, ఆ ఫ్రేముల లెక్క నువ్వు చెప్పాలి.

ఇట్లు,
మీ తాతయ్య