ఆల్జినేట్ పొడి అంతా ఒకటేనా? గుడ్డు లేని మయోన్నైజ్ మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖలో సాస్‌లు, గుడ్డు లేని మయోన్నైజ్ చేసే చిన్న యూనిట్లకు ఫార్ములాలు సరిచేసి పెట్టడం నా పని. వీటిలో చాలావాటికి గుడ్డు బదులు సన్నటి ప్రోటీన్ రేణువులు, తోడుగా గోధుమ రంగు సముద్రపు నాచు నుంచి తీసే చిక్కదనపు పొడి సోడియం ఆల్జినేట్ వాడతారు. సీసాలో నూనె తేలిందంటే చాలు, ఈ మాటలే వినిపిస్తాయి.

అపోహ: ఆల్జినేట్ ఏదైనా ఒకటే, చవకది కొంటే సరి.

వాస్తవం: లేబుల్ మీద ఐఎన్‌ఎస్ 401 అని ఒకే నంబరు (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబరు) ఉంటుంది, సరుకు మాత్రం వేరు. ఆల్జినేట్ గొలుసులో మాన్యురోనిక్, గులురోనిక్ అని రెండు ఆమ్లాలుంటాయి. వాటిని ఎం, జి అంటాం. జి వరసగా వచ్చిన చోట గొలుసు వంకర తిరిగి గుంటలు పడతాయి. రెండు గొలుసుల మధ్య ఆ గుంటల్లో కాల్షియం ట్రేలో గుడ్లలా కూర్చుంటుంది. అందుకే జి ఎక్కువైతే జెల్ గట్టిగా, పెళుసుగా వస్తుంది. ఎం ఎక్కువైతే మెత్తగా, సాగుతూ ఉంటుంది. లామినేరియా హైపర్‌బోరియా అనే నాచు కాడల నుంచి తీసినదాంట్లో జి 70 శాతం దాకా ఉంటుంది, మాక్రోసిస్టిస్ అనే మరో నాచులో 40 దగ్గర. నిష్పత్తి ఒకటే అయినా, ఎం-జి ఒకటి విడిచి ఒకటి వస్తే గొలుసు సులువుగా వంగుతుంది, జి దిమ్మెలుగా ఉంటే బిగుసుకుంటుంది. చాలా స్పెక్ షీట్లలో చిక్కదనం ఒక్కటే రాస్తారు. మిగతాది డీలర్‌ని అడిగి రాబట్టాలి.

అపోహ: నూనె బొట్టును పట్టి ఉంచేది ఆల్జినేటే.

వాస్తవం: కాదు, రేణువులు. 1903లో రామ్స్‌డెన్, 1907లో పికరింగ్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన సంగతే ఇది. బొట్టు అంచున చేరిన రేణువు అంత తేలిగ్గా ఊడిరాదు. ఆల్జినేట్ నీళ్లలో ఉండి చిక్కదనం ఇస్తుంది, బొట్లు పైకి తేలకుండా ఆలస్యం చేస్తుంది. నూనె అంచున తానే చేరగలిగేది 405 నంబరు ప్రొపిలీన్ గ్లైకాల్ ఆల్జినేట్, అది వేరే సరుకు.

అపోహ: జి ఎంత ఎక్కువైతే ఎమల్షన్ (నూనె, నీళ్లు విడిపోకుండా కలిసున్న మిశ్రమం) అంత నిలుస్తుంది.

వాస్తవం: కాల్షియం లేకపోతే జి బలం బయటపడదు. ఉన్నా అదుపు తప్పితే కష్టమే. బోరు నీళ్లు పట్టిన రోజునో, పాలపొడి వేసిన బ్యాచ్‌లోనో కలపకముందే జెల్ పలుకులు కట్టి నాలుకకు తగులుతాయి. నాలుగు రోజులు పోయాక జెల్ ముడుచుకుని సీసా గోడకు నీరు దిగుతుంది. కాస్త సోడియం సిట్రేట్ కలిపితే కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది.

అపోహ: తేలితే ఇంకో చిటికెడు ఆల్జినేట్ వేస్తే పోతుంది.

వాస్తవం: ఒక్కోసారి అదే కొంప ముంచుతుంది. రేణువులకు అంటుకోకుండా మిగిలిన గొలుసులు బొట్లను ఒకదాని మీదకు ఒకటి నెడతాయి. మరీ తక్కువైనా చిక్కే: పులుపులో ధన ఆవేశమొచ్చిన ప్రోటీన్ రేణువులు రెండింటిని ఒకే గొలుసు పట్టుకుని ముద్ద కడుతుంది. మొక్కజొన్న ప్రోటీన్ అయిన జెయిన్ పీహెచ్ (పులుపు కొలత) 6.2 దగ్గర ఆవేశం మార్చుకుంటుంది. పీహెచ్ 3.5 కిందకు పోతే ఆల్జినేట్ నీళ్ల నుంచి విడిపోవడం మొదలెడుతుంది. అందుకే ముందు పొడి పూర్తిగా కరగనిచ్చి, వెనిగర్ చివర్లో పోస్తాం.

అపోహ: చైనా గ్రాస్ కూడా ఇదే కదా!

వాస్తవం: అది అగర్, ఎర్ర నాచుది. రుషికొండ రాళ్ల దగ్గర కనిపించే సర్గాసం గోధుమ నాచే, ఆల్జినేట్ ఉంటుంది. కానీ ఇంటికి తెచ్చి ఉడకబెడితే రాదు. సోడాతో తీసి, ఆమ్లంతో విడదీసి, ఆర్సెనిక్ పరీక్ష దాటాలి.