మోజెల్ లోయలో శరదృతువు: పొగమంచు, ఆకుల రంగు, వెలుతురు గురించి అపోహలు, వాస్తవాలు

అపోహ: ఉదయం పొగమంచు కమ్మిందంటే ఆ రోజు ఫోటోలకు పనికిరాదు.

వాస్తవం: జర్మనీలోని మోజెల్ నది ఒడ్డున ఉన్న బైల్‌స్టైన్, బ్రెమ్ వంటి చిన్న ద్రాక్షసాగు ఊళ్లకు అక్టోబరులో ఫోటోల కోసం వచ్చేవారిని వెంటబెట్టుకుని తిరగడం నా వృత్తి. తెల్లవారి కిటికీ తెరిచి, అవతలి ఒడ్డు కూడా కనిపించక, "ఏమండీ, ఇవాళ్టికి ఇక ఇంతేనా?" అని దిగులుగా నాకు ఫోన్ చేసేవారు ప్రతి ఏడూ ఉంటారు. సెలవు దొరికించుకుని ఖర్చు పెట్టుకుని వచ్చినవారి బెంగ అర్థం చేసుకోదగినదే. అయితే అటువంటి పొగమంచు సాధారణంగా పుట్టేది ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రిలోనే. మబ్బు అడ్డు లేనప్పుడు నేల వేడి త్వరగా పోతుంది, చల్లబడి బరువెక్కిన గాలి వాలుల వెంట లోయ అడుగుకు దిగుతుంది, వేసవి వెచ్చదనం ఇంకా పూర్తిగా వదలని నది మీది తేమ అందులో కలిసి పొగమంచుగా మారుతుంది. అందువల్ల కింద అంతా తెల్లగా ఉన్న రోజున కొండ మీద ఎండ కాస్తూ ఉండే అవకాశమే ఎక్కువ.

ఒక శరదృతువులో మాతో వచ్చిన దంపతులు, పొగమంచు ఉంటే ఫోటోలు రావని ఎవరో చెప్పిన మాట నమ్మి, పొద్దున్నే సామాను సర్దుకుని కోఖెమ్ పట్టణం వైపు వెళ్లిపోయారు. మిగిలినవారితో నేను బ్రెమ్ పక్కనున్న కాల్మోంట్ కొండ ఎక్కాను. కొన్నిచోట్ల వాలు 65 డిగ్రీల దాకా ఉండే ఆ కొండ మీది ద్రాక్షతోటలో, తడిసిన పలకరాళ్ల మీద ఆచితూచి అడుగు వేయాలి. తీగలకున్న ఆకుల అంచులు పసుపు తిరిగి, వాటి ఈనెల వెంట మాత్రం ఆకుపచ్చ మిగిలి ఉంది. పైకి చేరేసరికి ఎండ కాస్తోంది. పాదాల కింద లోయంతా పొగమంచు నిండి ఉంది. మధ్యాహ్నానికి ముందే అది చీలి, నది తిరిగే మెలిక, అవతలి ఒడ్డున శిథిలమైన పాత మఠం బయటపడ్డాయి. నవంబరులో రోజంతా వదలని పొగమంచు కూడా ఉంటుంది, నిజమే. అయినా పైకి ఎక్కి చూడకుండా ఊరు విడిచిపెట్టడం మాత్రం తొందరపాటు.

అపోహ: శరదృతువులో ద్రాక్షతోటలన్నీ ఎర్రబడతాయి.
వాస్తవం: ఇక్కడ ప్రధానమైన పంట రీస్లింగ్, అది తెల్లద్రాక్ష; దాని ఆకులు బంగారు పసుపుకు తిరుగుతాయి. ఎరుపు కావాలంటే నల్లద్రాక్ష మడులు వెతుక్కోవాలి.

అపోహ: కోత, ఆకుల రంగు ఒకేసారి చూడవచ్చు.
వాస్తవం: కోత చాలావరకు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సాగుతుంది, రంగు సాధారణంగా అక్టోబరు చివరికి గాని ముదరదు. రెండూ కలిస్తే అదృష్టమే.

అపోహ: ఫోటోలు సాయంత్రం తీరికగా తీసుకోవచ్చు.
వాస్తవం: అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, ఆ తర్వాత సుమారు 5 గంటలకే సూర్యాస్తమయం. లోయ లోతైనది కాబట్టి ఊరి వీధుల్లోకి నీడ అంతకన్నా చాలా ముందే వచ్చేస్తుంది. ఊరి ఫోటోలు మధ్యాహ్నమే ముగించుకుని, చివరి వెలుతురు కోసం పైన ఉండాలి.