పచ్చి కూరగాయల సలాడ్: నీరు కారితే తప్పు మయోనైజ్‌దేనా?

పెళ్లి విందుల్లో సలాడ్ బల్ల దగ్గర ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. నిలబడిన కొద్దిమందీ అనే మాట ఒకటే: “అడుగున నీళ్లు తేలాయి, మంచి మయోనైజ్ వాడలేదు.” కేటరింగ్‌లో పొయ్యి లేని వైపు, అంటే సలాడ్లు, పెరుగు చట్నీలు, పండ్ల ముక్కల వైపు ఉండేది నేనే కాబట్టి ఆ నింద నేరుగా నా మీదికే వస్తుంది. దాంతోపాటు ఇళ్లలో వినిపించే మరికొన్ని నమ్మకాలకూ ఇక్కడే జవాబు చెబుతాను. ఉదాహరణకు కోల్‌స్లాను తీసుకుంటాను. సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్‌లను చిక్కటి తెల్లటి డ్రెస్సింగ్‌తో, అంటే మయోనైజ్ లాంటి ముద్దతో, కలిపే సలాడ్ ఇది. వేయించిన చికెన్ అమ్మే దుకాణాల్లో చిన్న కప్పుల్లో ఇచ్చేది ఇదే.

అపోహ: డ్రెస్సింగ్ చిక్కగా ఉంటే సలాడ్ నీరు కారదు.

క్యాబేజీలో నూటికి 92 పాళ్లు నీరే. కీరదోసలో 95 పాళ్లు. డ్రెస్సింగ్‌లో ఉప్పు, చక్కెర ఉంటాయి. అవి తరుగుకు తగలగానే కణాల్లోని నీటిని బయటికి లాగడం మొదలుపెడతాయి. ఎంత చిక్కటి మయోనైజ్ వేసినా కాసేపటికి అది మజ్జిగే. ఇంకో రెండు గరిటెలు వేస్తే తాత్కాలికంగా చిక్కబడినట్టు కనిపిస్తుంది. నూనె పెరిగిందే తప్ప నీరు తగ్గలేదు.

ఎలాగూ వచ్చే నీటిని ముందే రప్పించి పారబోయడం ఒక్కటే మందు. కిలో క్యాబేజీ తరుగుకు రెండు చిన్న చెంచాల ఉప్పు, అంటే 10-12 గ్రాములు, ఒక చెంచా చక్కెర చల్లి, నలపకుండా పైకీ కిందికీ కలిపి చిల్లుల గిన్నెలో వేయాలి. కింద పళ్లెం పెట్టాలి. మొదట ఏమీ జరిగినట్టు ఉండదు. కాసేపటికి తరుగు నిగనిగలాడుతుంది, పళ్లెంలో చుక్కలు పడతాయి. ముప్పావు గంట తర్వాత ఒక పోగు తీసి వంచి చూడండి. ఉప్పు తగలని పోగు టక్కున విరుగుతుంది. ఇది విరగకుండా వేలికి చుట్టుకుంటుంది. అప్పుడు గుప్పిళ్లతో గట్టిగా పిండేయాలి. రుచి చూసి ఉప్పు ఎక్కువైందనిపిస్తే చన్నీళ్లలో ఒకసారి ముంచి మళ్లీ పిండాలి.

వంగిపోయాక ఇక కరకర ఎక్కడిది అని అడుగుతారు. పోయింది నీటి బిగువు మాత్రమే. కణాల గోడలు అలాగే ఉంటాయి, పంటి కింద చప్పుడు చేసేవి అవే. మాగాయ పెట్టేవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఉప్పులో ఊరి, పిండి, ఎండలో వాడిన మామిడి ముక్క కూడా పంటికి పట్టు ఇస్తూనే ఉంటుంది.

పిండిన తరుగులో 150 గ్రాముల క్యారెట్ పోగులు, 150 గ్రాముల మయోనైజ్, 100 గ్రాముల గుడ్డలో కట్టిన పెరుగు, ఒక పెద్ద చెంచా వెనిగర్, చిన్న చెంచా ఆవపిండి ముద్ద, మిరియాల పొడి. ఇంతే. ఉప్పు మళ్లీ వేయకండి, కలిపి రుచి చూశాకే ఆ ఆలోచన. డ్రెస్సింగ్ తక్కువైనట్టు అనిపించినా కాసేపు ఆగండి, తరుగు సర్దుకున్నాక సరిపోతుంది.

క్యారెట్ విషయంలో ఒక పట్టింపు ఉంది నాకు. తురుము పీట మీద సన్నగా కోరితే అది సలాడ్‌కు పనికిరాదు, హల్వాకు వెళ్లాలి. కోరినప్పుడు కణాలు చిట్లి రసం అక్కడే కారిపోతుంది. పదునైన కత్తితో అగ్గిపుల్లల్లా కోయాలి. క్యాబేజీని రెండు మూడు మిల్లీమీటర్ల మందాన తరగాలి. కత్తి మొద్దుబారితే అది కోయదు, నలుపుతుంది.

అపోహ: ఐసు నీళ్లలో వేస్తే ఏ కూరగాయైనా కరకరలాడుతుంది.

సగం నిజం. వాడిపోయిన క్యారెట్ ముక్కలు, ముల్లంగి, లెట్యూస్ ఆకులు ఐసు నీళ్లలో పదిహేను ఇరవై నిమిషాలు ఉంటే కణాలు నీరు తాగి మళ్లీ బిగుస్తాయి. డ్రెస్సింగ్‌లో ముంచుకుని అక్కడికక్కడే తినే ముక్కలకు ఇది చక్కటి పద్ధతి. ముందే కలిపి ఉంచే కోల్‌స్లాకు మాత్రం సరిగ్గా వ్యతిరేకం. నీరు తాగించిన క్యాబేజీ ఆ నీటినంతా తర్వాత డ్రెస్సింగ్‌లోకి వదులుతుంది. రెండు పద్ధతులూ మంచివే, ఒకే గిన్నెలో కలపకూడదు. ఐసు నీళ్ల నుంచి తీసిన ముక్కలను గుడ్డతో పూర్తిగా అద్దాలి. తడి మీద నూనె పదార్థం నిలవదు, జారిపోతుంది.

అపోహ: మయోనైజ్ నిషేధించారు, కాబట్టి ఇలాంటి సలాడ్లే ప్రమాదం.

తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ను. అన్ని రకాలనూ కాదు. కేరళ అంతకుముందే, 2023 జనవరిలో, ఇదే పని చేసింది. తమిళనాడు 2025 ఏప్రిల్‌లో చేసింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే, కడుపు పాడుచేసే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, మయోనైజ్ తయారీలో ఎక్కడా మంట తగలదు. పాశ్చరైజ్ చేసిన, అంటే క్రిములు చచ్చేలా వేడి తగిలించిన గుడ్డుతో, తగినంత పులుపుతో ఫ్యాక్టరీలో చేసి సీసాలో వచ్చేది వేరు, వీధి చివర మిక్సీలో కొట్టి ఎండలో డబ్బాలో ఉంచేది వేరు.

ఇంట్లో గుడ్డు లేకుండా చేయడం కష్టమేమీ కాదు. కాచి, ఫ్రిజ్‌లో బాగా చల్లార్చిన అర కప్పు చిక్కటి పాలు, అర చెంచా ఆవపిండి ముద్ద, ఉప్పు పొడవాటి గ్లాసులో వేసి, కప్పు నూనెను సన్నటి ధారగా పోస్తూ చేతి బ్లెండర్‌తో తిప్పాలి. పాలలోని ప్రోటీన్లు నూనె బొట్లను విడివిడిగా పట్టి ఉంచుతాయి. చివర్లో నిమ్మరసం పడగానే ఒక్కసారిగా గట్టిపడుతుంది. వేరుశనగ నూనె వాసన వద్దనుకుంటే పొద్దుతిరుగుడు నూనె వాడండి.

గుడ్డు లేదు కదా, పాడవదు అనుకోవడం ఇంకో పొరపాటు. క్రిములకు గుడ్డే అక్కర్లేదు, పాలు చాలు, సరిగ్గా కడగని క్యాబేజీ కూడా చాలు. చల్లటి పదార్థం 5 డిగ్రీల లోపు ఉండాలి. బయట పెడితే రెండు గంటలు, మన ఏప్రిల్, మే ఎండల్లో అయితే ఒక గంట. విందులో గిన్నెను ఐసు పళ్లెంలో కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా బయటికి తేవడం అందుకే. కొండలా పేర్చిన సలాడ్ ఫోటోకు బాగుంటుంది, తినడానికి నేను సలహా ఇవ్వను.

అపోహ: మయోనైజ్ బదులు పెరుగు వేస్తే అంతా ఆరోగ్యమే.

ఒక పెద్ద చెంచా మయోనైజ్‌లో సుమారు 90 కేలరీలు ఉంటాయి, అందులో దాదాపు అంతా నూనెదే. కాబట్టి భయం అకారణం కాదు. అయితే గిన్నెలోంచి నేరుగా తీసిన పెరుగు వేస్తే అందులోని నీరు, కూరగాయల నీరు కలిసి చారు తయారవుతుంది. పలచటి గుడ్డలో కట్టి, ఫ్రిజ్‌లోనే వేలాడదీసి, ఆరు గంటలు ఉంచాలి. బయట వేలాడదీస్తే పులుస్తుంది. నీరు దిగిన పెరుగులో కొంచెం జీడిపప్పు ముద్దో, నువ్వుల ముద్దో కలిపితే నోటికి వెన్నలా తగులుతుంది.

కొవ్వును పూర్తిగా తీసేయడమూ తెలివైన పని కాదు. క్యారెట్‌లోని కెరోటిన్ కొవ్వులో కరిగే పదార్థం. కొంచెం కొవ్వు తోడుంటేనే ఒంటికి బాగా పడుతుంది. సగానికి కాస్త ఎక్కువ మయోనైజ్, మిగతాది కట్టిన పెరుగు అన్నది నాకు నచ్చిన లెక్క. అసలు చిక్కటి తెల్లటి పదార్థంలో పచ్చి ముక్కలు కలపడం మనకు కొత్తదేమీ కాదు, కీరదోస పెరుగు పచ్చడి చేసేది అలాగే. వడ్డించే ముందు ఉప్పు వేయమని పెద్దవాళ్లు చెప్పేది కూడా ఈ నీటి భయంతోనే.

అపోహ: క్యాబేజీలోని పురుగు మెదడులోకి వెళ్తుంది.

ఈ భయంతో పచ్చి క్యాబేజీ ముట్టనివాళ్లు చాలామంది. అంతా ఉత్తదే అని కొట్టిపారేయను, ఎందుకంటే వెనుక ఒక నిజం ఉంది. అయితే పురుగు మారిపోయింది.

ఆకుల మధ్య కనిపించే ఆకుపచ్చ గొంగళి పురుగు రెక్కల పురుగు పిల్ల. పొరపాటున కడుపులోకి పోయినా అక్కడే అరిగిపోతుంది. మెదడులో తిత్తులు కట్టి మూర్ఛ తెప్పించేది పంది బద్దెపురుగు. దాని గుడ్లు కంటికి కనిపించవు. పేగుల్లో ఆ పురుగు ఉన్న మనిషి మలం నుంచి మురుగునీటి ద్వారా, కడగని చేతుల ద్వారా అవి కూరగాయలకు అంటుతాయి. క్యాబేజీకే కాదు, కొత్తిమీరకైనా, ముల్లంగికైనా, క్యారెట్‌కైనా అంటవచ్చు. క్యాబేజీ మానేసి, మురుగు పక్కన పెరిగిన పుదీనాను కడగకుండా చట్నీలో వేసుకుంటే ఏం లాభం?

ఉప్పు నీళ్లలో నానబెడితే పురుగులు పైకి తేలవచ్చు, క్రిములు చావవు. పెద్ద వంటశాలల్లో లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండే నీళ్లలో ముంచి, మళ్లీ మంచినీళ్లతో కడుగుతాం. అది బ్యాక్టీరియాను బాగా తగ్గిస్తుంది. బద్దెపురుగు గుడ్ల మీద మాత్రం క్లోరిన్‌ను నమ్ముకోలేం. వాటిని పారే నీటి కింద రుద్ది కడిగి వదిలించాల్సిందే. పై ఆకులు మూడు నాలుగు తీసేసి, గడ్డను నాలుగు భాగాలు చేసి, పొరల మధ్యకు నీరు వెళ్లేలా కొళాయి కింద పట్టి, కోసిన వైపు కిందికి పెట్టి ఆరనివ్వాలి. ఇదంతా తరగక ముందే. తరిగాక కడిగితే నీరంతా లోపలే ఉండిపోతుంది. గర్భిణులకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు మాత్రం నేను పచ్చి క్యాబేజీ పెట్టను, వేడినీళ్లలో ఉడికించి పెడతాను.

థైరాయిడ్ ఉన్నవాళ్లు క్యాబేజీ వాసనే చూడకూడదన్నదీ అతిశయోక్తే. అయోడిన్ తగినంత అందుతుంటే అప్పుడప్పుడూ ఒక కప్పు సలాడ్ తింటే ఇబ్బంది ఉండదు. రోజూ గిన్నెల కొద్దీ తినేవాళ్లు వైద్యుణ్ని అడగండి.

అపోహ: కీరదోస కొన కోసి రుద్దితే చేదు నురగగా వచ్చేస్తుంది.

నురగ వస్తుంది, చేదు కదలదు. చేదు పదార్థం ఎక్కువగా తొడిమ వైపు, తొక్క కింద ఉంటుంది. రుద్దడానికి ముందు కొన కోసి పారేస్తారు కదా, మేలు చేసింది ఆ కోత. తొడిమ వైపు వేలెడు కోసి, తొక్క కొంచెం మందంగా తీసి, ముక్క కొరికి చూడండి. దోసకాయ పచ్చడికి చేదు చూసే ఇళ్లలో ఇది అలవాటే. బాగా చేదైతే మొత్తం పారేయాలి, డ్రెస్సింగ్‌తో కప్పిపెట్టకూడదు. ఆ చేదు కడుపు పాడుచేస్తుంది. సలాడ్‌కు కోసేటప్పుడు మధ్యలో గింజల గుజ్జును చెంచాతో గీకేస్తే నీటి బెడద సగం తగ్గుతుంది.

ఉల్లిపాయ ఘాటుకు చన్నీళ్లలో పది నిమిషాలు చాలు. ఊదా క్యాబేజీ రంగు అంతటా అంటుతుంది కాబట్టి దాన్ని విడిగా కడిగి, ఆఖర్లో కలపాలి.

ఇక మిగిలిపోయిన సలాడ్ సంగతి. ఉప్పు వేయని క్యాబేజీ తరుగు, పొడిగా మూత పెట్టి ఉంచితే, రెండు రోజులు ఫ్రిజ్‌లో బాగుంటుంది. నీరు పిండేసి, డ్రెస్సింగ్ కలిపి, ఇంట్లో ఫ్రిజ్‌లోనే ఉన్న కోల్‌స్లా మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది. లెట్యూస్ కలిపిందైతే ఆ పూటకే. విందు బల్ల మీద గంటల తరబడి ఉన్నదాన్ని డబ్బాలో పెట్టి ఇమ్మని ఎంత బంధువు అడిగినా నేను ఇవ్వను.