పాప్ స్మియర్‌లోని ‘పాప్’: ఒకే ఇంటిపేరు, వేర్వేరు ఇళ్లు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడానికి గైనకాలజిస్టు చీటీ మీద రాసే పరీక్ష ‘పాప్ స్మియర్’లో పాప్ అన్నది ఒక ఇంటిపేరులో మొదటి ముక్క. గ్రీసులోని ఎవియా దీవిలో, కీమీ అనే ఊళ్లో 1883లో పుట్టిన డాక్టర్ జార్జ్ పాపనికొలావుది ఆ ఇంటిపేరు. 1970 అక్టోబరులో ఏథెన్స్‌లో 5.49 మీటర్లు ఎగిరి, పోల్ వాల్ట్‌లో 18 అడుగులు దాటిన తొలి మనిషి క్రిస్టోస్ కూడా పాపనికొలావే. బాస్కెట్‌బాల్ ఆటగాడు కోస్తాస్‌ది అదే పేరు. లాస్ ఏంజెలెస్‌లో కిమ్ కర్దాషియాన్ జుట్టుకు రంగులు వేసిన హెయిర్ కలరిస్ట్ పేరు జార్జ్ పాపనికొలాస్, అదే ఇంటిపేరుకు ఇంకో రూపం.

ఈ పేరు చూసి చుట్టరికం కలపకూడదు. ‘పాపాస్’ అంటే ఊరి పూజారి. ‘నికొలావు’ షష్ఠీ విభక్తి రూపం. రెండూ కలిస్తే ‘పూజారి నికొలావోస్ గారి’ అని అర్థం. ఇక్కడ మన ‘గారి’ సరిగ్గా సరిపోతుంది. ఆర్థడాక్స్ చర్చిలో పెళ్లయిన మనిషి కూడా పూజారి కావచ్చు కాబట్టి పూజారికి పిల్లలుంటారు, ఊరు వాళ్లను తండ్రి వృత్తితోనే పిలిచేది. సెయింట్ నికొలస్ నావికులను కాచే పునీతుడని నమ్మకం. అందుకని తీరప్రాంతాల్లో, దీవుల్లో ఆ పేరుకు కొదవ లేదు. ఊరూరా ఒక పూజారి నికొలావోస్ ఉంటే ఊరూరా ఈ ఇంటిపేరు విడిగా పుట్టింది. కరణం మల్లీశ్వరి ఇంటిపేరు చూసి కరణం వాళ్లందరినీ ఒకే కుటుంబమని మనం అనుకోం కదా, ఇదీ అంతే.

హెయిర్ కలరిస్ట్ జార్జ్ ఇంటిపేరుకు జుట్టు పనితో సంబంధం లేదు; మంగలి వృత్తి నుంచి వచ్చిన గ్రీకు ఇంటిపేర్లు వేరే ఉన్నాయి. బెర్బెరిస్, బెర్బెరిదిస్, బెర్బెరోగ్లు లాంటివి తుర్కీ మాట ‘బెర్బెర్’ నుంచి వచ్చాయి. చివర ‘-ఓగ్లు’ ఉంటే తుర్కీలో కొడుకు అని. ‘-ఇదిస్’ ఎక్కువగా నల్ల సముద్ర తీరపు గ్రీకులది, ‘-ఆకిస్’ క్రీటు దీవిది.

పేర్లు వెతికేటప్పుడు పొరపాటు జరిగేది ఆడవాళ్ల దగ్గర. గ్రీసులో పాపదోపులోస్ గారి కూతురు పాపదోపులు అవుతుంది, పాపనికొలాస్ గారి కూతురు పాపనికొలా అవుతుంది. పాపనికొలావు మాత్రం మొదటే షష్ఠి కాబట్టి ఆడామగా ఇద్దరికీ ఒకటే. అమెరికా వెళ్లినవాళ్లు ఈ మార్పు వదిలేశారు. యూటా గ్రీకు వలసల చరిత్ర రాసిన హెలెన్ ఇంటిపేరు చివర ‘స్’ అలాగే ఉండి, పాపనికొలాస్‌గానే మిగిలింది. 1983 చట్టం తర్వాత గ్రీసులో పెళ్లయిన స్త్రీకి పుట్టింటి పేరే చట్టబద్ధమైన పేరు. అందువల్ల భార్యాభర్తల ఇంటిపేర్లు వేరుగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

డాక్టర్ పాపనికొలావు 1913లో అమెరికా చేరి, మొదట గినీ పందుల మీద పరిశోధన చేశారు. ఆయన పేరు మోసే పాప్ స్మియర్ పరీక్షలో సాధారణంగా జరిగే పని ఇది: గర్భాశయ ముఖద్వారం నుంచి చిన్న స్పాచులాతో కణాలు తీస్తారు, గాజు పలక మీద పల్చగా పూస్తారు, వెంటనే 95 శాతం ఆల్కహాల్‌లో ముంచుతారు. కాస్త ఆలస్యమై గాలికి ఆరితే కణాలు ఉబ్బి, కేంద్రకం వివరాలు మసకబారతాయి. అప్పుడు మళ్లీ నమూనా తీయాల్సి రావచ్చు. ఆ తర్వాత వేసే రంగుల పద్ధతికీ ఆయన పేరే.

మనుషుల మీద పరిశోధనకు ఏళ్ల తరబడి నమూనాలు ఇచ్చింది ఆయన భార్య ఆండ్రొమాకి. ఆమె పుట్టింటివాళ్లు మావ్రొయేనిస్ వాళ్లు.